సందేశం ఎంతసేపు బతకాలి?

కిరణజన్య సంయోగక్రియ అనగానే పచ్చటి ఆకు గుర్తొస్తుంది. కానీ ఆ విద్య ఆకుల సొత్తేమీ కాదు. ఆక్సిజన్ అంతంతమాత్రంగా ఉండే చెరువు బురదలో, నిలవ నీళ్లలో, సముద్రపు పోటు నీళ్లలో ఊదారంగు బ్యాక్టీరియాలు వెలుతురును నమ్ముకుని బతుకుతుంటాయి. మొక్కలాగా నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదలడం వీటికి చేతకాదు. ఎలక్ట్రాన్ల కోసం సేంద్రియ ఆమ్లాలనో, హైడ్రజన్‌నో, సల్ఫైడ్‌నో వాడుకుంటాయి. 1930ల్లో కార్నెలిస్ వాన్ నీల్ ఈ తేడాను పట్టుకున్నాకే, మొక్కలు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి కాదు, నీటిలోంచి వస్తుందన్న ఊహకు బలం చేకూరింది. ఈ బ్యాక్టీరియాలు మన తీరంలోనూ ఉన్నాయి. హైదరాబాద్ శాస్త్రవేత్తలు గుర్తించి వర్ణించిన ఒక జాతికి 2007లో రోడోవ్యులమ్ విశాఖపట్నమెన్సే అని పేరు పెట్టారు. అయితే ఈ అధ్యాయంలో మనకు పనిపడేది దాని దగ్గరి చుట్టాలతో: రోడోబ్యాక్టర్ కాప్సులేటస్, రోడోబ్యాక్టర్ స్ఫీరాయిడిస్. ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా పెంచుతున్న ఈ రెండింటి గురించి తెలిసినంత వివరంగా మిగతా ఊదా బ్యాక్టీరియాల గురించి తెలియదు.

రోడోబ్యాక్టర్‌కు రెండు రకాల బతుకు ఉంది. ఆక్సిజన్ సమృద్ధిగా దొరికితే మనలాగే శ్వాసతో శక్తి సంపాదించుకుంటుంది. ఆక్సిజన్ తగ్గిందంటే పొర మడతల్లో కిరణజన్య యంత్రాంగాన్ని కట్టుకోవడం మొదలుపెడుతుంది, రెండు మూడు తరాల్లో కల్చర్ రంగే మారిపోతుంది. రెండు యంత్రాంగాలనూ ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటే పోదా అంటే, ఖర్చు మాట అటుంచి, ప్రాణం మీదికి వస్తుంది. వెలుతురును పట్టే బాక్టీరియోక్లోరోఫిల్‌కు ఆక్సిజన్ తోడైతే, పట్టిన శక్తి ఆక్సిజన్‌కు చేరి సింగ్లెట్ ఆక్సిజన్ అనే విషం పుడుతుంది. అది ప్రొటీన్లనూ పొర కొవ్వులనూ కాల్చేస్తుంది. 1957లో జెర్మెయిన్ కోహెన్-బజీర్, విలియం సిస్ట్రమ్, రోజర్ స్టానియర్ ఈ బ్యాక్టీరియాల మీద చేసిన కొలతలు ఇప్పటికీ ఈ రంగానికి పునాది. పెరుగుతున్న కల్చర్‌లోకి గాలి పంపగానే వర్ణకాల తయారీ ఆగిపోయింది. వెలుతురు పెంచితే తయారీ తగ్గింది, తగ్గిస్తే పెరిగింది. కణం బయటి పరిస్థితిని కనిపెట్టి లెక్క సరిచూసుకుంటోందని అప్పటికే తేలింది. ఆ లెక్క ఎక్కడ జరుగుతోందన్నది తేలడానికి మరో పాతికేళ్లు పైనే పట్టింది.

లెక్క అన్న మాట ఊరికే వాడలేదు. ఈ యంత్రాంగంలో అసలు పని జరిగేది ప్రతిచర్యా కేంద్రంలో. వెలుతురు శక్తి ఎలక్ట్రాన్ కదలికగా మారేది అక్కడే. దాని నిర్మాణాన్ని మరో ఊదా బ్యాక్టీరియాలో అణువు అణువుగా చూపించినందుకే డైసెన్‌హోఫర్, మిషెల్, హ్యూబర్‌లకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ కేంద్రం ఒంటరిగా ఉంటే ఎక్కువసేపు ఖాళీగానే కూర్చోవాలి. ఒక్క వర్ణక అణువుకు నిండు ఎండలోనైనా సెకనుకు కొద్ది ఫోటాన్లే తగులుతాయి, నీటి అడుగున ఇంకా తక్కువ. అందుకే కేంద్రం చుట్టూ ఫోటాన్లను పట్టి లోపలికి చేరవేసే యాంటెన్నా ప్రొటీన్లు వలయంగా అమరి ఉంటాయి. ఒక్కో వలయంలో, జాతిని బట్టి, 14 నుంచి 16 జతల చిన్న ప్రొటీన్లు. ఒక్కో జత రెండేసి బాక్టీరియోక్లోరోఫిల్ అణువులను పట్టుకుని ఉంటుంది. ఈ లోపలి వలయానికి ఎల్‌హెచ్1 అని పేరు. దానికి అవతల ఎల్‌హెచ్2 అనే చిన్న వలయాలు విడిగా పొరలో పరుచుకుని ఉంటాయి. వెలుతురు మసకబారితే ఎల్‌హెచ్2 సంఖ్య పెరుగుతుంది, ప్రకాశవంతమైతే తగ్గుతుంది. కేంద్రానికీ లోపలి వలయానికీ మధ్య నిష్పత్తి మాత్రం దాదాపు మారదు. ఒక కేంద్రం కట్టాలంటే దాని చుట్టూ పదిహేను జతల ప్రొటీన్లు తయారై ఉండాల్సిందే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 1961లో జాకబ్, మోనో ప్రతిపాదించిన ఒపెరాన్ నమూనా ప్రకారం, కలిసి పనిచేసే జన్యువులు డీఎన్‌ఏ మీద వరసగా ఉంటాయి. వాటన్నిటికీ కలిపి ఒకే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. ఆరంభంలో ఉన్న మీట వేస్తే అన్నీ పనిలోకి దిగుతాయి, ఆపితే అన్నీ ఆగుతాయి. రోడోబ్యాక్టర్‌లో ఎల్‌హెచ్1 జతకు కావలసిన రెండు జన్యువులూ, కేంద్రంలోని మూడు ప్రొటీన్లలో రెండింటి జన్యువులూ పఫ్ అనే ఒకే ఒపెరాన్‌లో ఉన్నాయి. వరస పఫ్‌బి, పఫ్‌ఎ, పఫ్‌ఎల్, పఫ్‌ఎం, చివర పఫ్‌ఎక్స్. మొదటి రెండూ వలయానివి, తర్వాతి రెండూ కేంద్రానివి. పఫ్‌ఎక్స్ చేసే చిన్న ప్రొటీన్ వలయంలో క్వినోన్ అణువులు వచ్చిపోయే సందును నిలిపి ఉంచుతుంది. ఒకే తీగ మీద రాసిన సందేశం కనుక అన్నీ సమానంగా తయారుకావాలి. కావలసిందేమో ఒకటికి పదిహేను. మీట ఎంత తెలివైనదైనా, అది ఒక్కటే అయినప్పుడు ఈ తేడా తేలేకపోతుంది. కాబట్టి నియంత్రణ మీట దాటాక, ఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక జరుగుతూ ఉండాలి. ఈ అధ్యాయం వాదన ఇదే: బ్యాక్టీరియాలో సందేశాన్ని కోయడం, కరిగించడం చెత్త ఎత్తివేత మాత్రమే కాదు. ఏ ప్రొటీన్ ఎంత కావాలన్న నిర్ణయంలో అది సగపాలు పంచుకుంటుంది.

దీనికి మొదటి గట్టి రుజువు 1985లో స్టాన్‌ఫర్డ్‌లో స్టాన్లీ కోహెన్ బృందం నుంచి వచ్చింది. జోయెల్ బెలాస్కో, థామస్ బీటీ, వారి సహచరులు పఫ్ సందేశం ఆయుష్షు కొలిచారు. ఇలాంటి కొలతలకు వాడే మామూలు పద్ధతి తెలుసుకోదగ్గది. మనకు క్షయ మందుగా తెలిసిన రిఫాంపిసిన్‌ను కల్చర్‌లో కలుపుతారు. అది ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైమ్‌ను పట్టేస్తుంది, కొత్త సందేశాల రాత ఆగిపోతుంది. ఇక ఉన్నవి కరిగిపోవడమే తరువాయి. కొన్ని నిమిషాలకోసారి కాస్త కల్చర్ తీసి, ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, జెల్ మీద పొడవును బట్టి విడదీసి, పఫ్ ముక్కలను గుర్తుపట్టే ప్రోబ్‌తో చూస్తారు. పై భాగంలో దాదాపు 2,700 అక్షరాల పొడవున్న పట్టీ కనిపిస్తుంది. అది వలయం, కేంద్రం రెండింటి సందేశాలూ ఉన్న పూర్తి తీగ. కింద దాదాపు 500 అక్షరాల పట్టీ, అందులో వలయం జన్యువులు రెండే ఉంటాయి. నిమిషాలు గడిచేకొద్దీ పై పట్టీ వేగంగా పలచబడిపోతుంది. సుమారు 8 నిమిషాలకు సగమవుతుంది. కింది పట్టీ మాత్రం 20 నిమిషాలు దాటినా సగానికి పైగా మిగిలే ఉంటుంది. అంటే ఒకే తీగలో ఒక భాగానికి ఒక ఆయుష్షు, పక్క భాగానికి ఇంకో ఆయుష్షు. కేంద్రం భాగం ముందు తెగి కరిగిపోతుంది. వలయం భాగం విడిగా మిగిలి, రైబోజోమ్‌ల చేత మళ్లీ మళ్లీ చదివించుకుంటూ ఉంటుంది.

వెంటనే ఒక అనుమానం రావాలి. ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏ కోత వల్ల పుట్టిందని ఎందుకు అనుకోవాలి? రాసే ఎంజైమ్ మధ్యలోనే ఆగిపోయి ఉండవచ్చు కదా? బ్యాక్టీరియాలో అలా ఆగడం మామూలే, పైగా పఫ్‌ఎ, పఫ్‌ఎల్ మధ్య ఉన్న హెయిర్‌పిన్ మడతల లాంటివే చాలాచోట్ల రాతను ఆపే గుర్తులుగా పనిచేస్తాయి. అయితే మధ్యలో ఆగడం ఎక్కువ చిన్న ముక్కలు ఎందుకున్నాయో చెప్పగలదు కానీ, తయారీ పూర్తిగా ఆపేశాక రెండు ముక్కలు వేర్వేరు వేగాలతో ఎందుకు కరుగుతున్నాయో చెప్పలేదు. రిఫాంపిసిన్ పడ్డాక రాసేవాడే లేడు. తేడా అంతా కరగడంలో ఉన్నదే. 1988లో ఇదే బృందం ప్రచురించిన పని ఆ మడతకు అసలు పాత్ర కరుగుదలను అడ్డుకోవడమేనని చూపింది.

అడ్డుకోవడం ఎలా? బ్యాక్టీరియాలో ఆర్‌ఎన్‌ఏను తినే ఎంజైములు రెండు రకాలు. కొన్ని మధ్యలో నరుకుతాయి. మరికొన్ని 3-ప్రైమ్ అనే చివరి కొసను పట్టుకుని అక్షరం అక్షరంగా వెనక్కి తింటూ వస్తాయి. ఈ రెండో రకానికి ఒంటి తీగ కావాలి. తనమీద తానే మడతపడి జంట తీగగా బిగుసుకున్న చోటు ఎదురైతే నిలిచిపోతాయి. పఫ్‌ఎ అవగానే ఉన్న మడత అచ్చంగా ఆ పనే చేస్తుంది. సూదిలో దారం జారిపోకుండా చివర వేసిన ముడి లాంటిదది. కేంద్రం భాగం తెగి, కరిగి, తినే ఎంజైమ్ ముడి దాకా వచ్చి ఆగుతుంది. వలయం సందేశం ముడికి ఇవతల క్షేమంగా ఉంటుంది. ఈ ముడి నిజంగా బ్యాక్టీరియా బతుకులో లెక్కకొస్తుందా, లేక జెల్ మీద కనిపించే విచిత్రమేనా అన్న ప్రశ్నకు 1987లోనే జవాబు దొరికింది. గాబ్రియేలే క్లూగ్, ఆమె సహచరులు డీఎన్‌ఏలోంచి ఆ మడత భాగాన్ని తీసేశారు. వలయం సందేశం ఆయుష్షు తగ్గింది, వలయానికీ కేంద్రానికీ మధ్య నిష్పత్తి చెడింది, వెలుతురు మీద పెరగడంలో బ్యాక్టీరియా వెనకబడింది. ఏ జన్యువూ పోలేదు, ఏ ప్రొటీన్‌లోనూ ఒక్క అమైనో ఆమ్లం మారలేదు. మారింది ఒక సందేశం ఎంతసేపు బతుకుతుందన్నది ఒక్కటే. నా దృష్టిలో ఈ విషయంలో ఇంతకన్నా నేరుగా మాట్లాడిన ప్రయోగం ఇంకోటి లేదు.

ముడి ఉంటే చాలు ఏ సందేశమైనా చిరంజీవి అవుతుందనుకుంటే పొరపాటు. 1988 పనిలో తేలిన రెండో సంగతి, ముడి తప్పనిసరే కానీ అదొక్కటే సరిపోదని. ముడి ఆపగలిగేది కొస నుంచి తినేవాటిని మాత్రమే. మధ్యలో నరికే ఎంజైమ్‌కు ముడితో పనిలేదు. కాబట్టి వలయం భాగం లోపల నరికే ఎంజైమ్‌కు దొరికే మెత్తటి చోట్లు తక్కువగా ఉండాలి, కేంద్రం భాగంలో ఉండాలి. ఉన్నాయి కూడా. క్లూగ్ బృందం తర్వాత జర్మనీలోని గీసెన్‌లో చేసిన పనుల్లో, పఫ్‌ఎల్ లోపల ఆర్‌ఎన్‌ఏజ్-ఇ అనే ఎంజైమ్ కోసే చోటును గుర్తించింది. మొత్తం కరుగుదల వేగాన్ని నిర్ణయించేది ఆ మొదటి కోతే. ఆర్‌ఎన్‌ఏజ్-ఇకి ఎ, యు అక్షరాలు ఎక్కువున్న ఒంటి తీగలంటే ఇష్టం. రోడోబ్యాక్టర్ డీఎన్‌ఏలో మూడింట రెండు వంతుల దాకా జి, సి అక్షరాలే కాబట్టి, ఎ, యు గుంపులు సహజంగానే అరుదు, ఉన్నచోట కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఈ కోత వేగం కూడా బయటి పరిస్థితిని బట్టి మారుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే పొడవాటి పఫ్ సందేశం త్వరగా తెగుతుందని 1991లో క్లూగ్ చూపించింది. ఎంజైమ్ ఒంటరిగా కూడా ఉండదు. ఆర్‌ఎన్‌ఏ మడతలను విప్పే హెలికేజులతో, రాతను ఆపే రో అనే ప్రొటీన్‌తో కలిసి ఒక ముఠాగా పనిచేస్తుంది. ఆ ముఠా కూర్పు కూడా ఆక్సిజన్‌ను బట్టి మారుతుంది.

ఇంత రాసి ఇంత కరిగించడం దుబారా కాదా అని అడగవచ్చు. కేంద్రం సందేశాన్ని ఎనిమిది నిమిషాల్లో సగం పారేసే బదులు తక్కువ రాసుకోవచ్చు కదా, ఏకంగా రెండు వేర్వేరు ఒపెరాన్లే పెట్టుకోవచ్చు కదా? దుబారా అన్నదాంట్లో పెద్ద పస లేదు. కరిగిన అక్షరాలు మళ్లీ కొత్త ఆర్‌ఎన్‌ఏలో చేరతాయి, పైగా కణం ఖర్చులో సింహభాగం ప్రొటీన్ తయారీదే. ఒపెరాన్లు విడిగా ఉండొచ్చు కదా అన్నది బరువైన ప్రశ్న. దానికి జవాబు ఈ బ్యాక్టీరియా జన్యువుల అమరికలోనే ఉందని నా అభిప్రాయం. వెలుతురును బట్టి మారే ఎల్‌హెచ్2కు పక్ అనే వేరే ఒపెరాన్ ఉంది. దానికి దాని మీట దానిదే, కేంద్రంతో సంబంధం లేకుండా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మారకూడని నిష్పత్తి కేంద్రానికీ లోపలి వలయానికీ మధ్య ఉన్నది. రెంటికీ వేర్వేరు మీటలు పెడితే ఆక్సిజన్ తగ్గిన ప్రతిసారీ, వెలుతురు మారిన ప్రతిసారీ రెండూ సరిగ్గా ఒకే లెక్కలో కదలాలి. ఒకే సందేశంగా రాసి, అందులో ఏ భాగం ఎంతసేపు నిలవాలో అక్షరాల్లోనే పొదిగితే, ఎంత తక్కువ రాసినా ఎంత ఎక్కువ రాసినా నిష్పత్తి దానంతటదే వెంట వస్తుంది. కేంద్రంలోని మూడో ప్రొటీన్ జన్యువు మాత్రం డీఎన్‌ఏ మీద దూరంగా ఎక్కడో ఉంది కదా అంటారేమో. నిజమే, పరిణామం ఇల్లు ఒక్కసారిగా కట్టదు. అయితే ఆ ప్రొటీన్ మిగతా రెంటితో ఒకటికి ఒకటి చొప్పున కావలసినది. ఒకటికి పదిహేను అన్న సమస్య దానికి లేదు.

ఇంకో అభ్యంతరం లెక్కల వైపు నుంచి వస్తుంది, దానికి నేను సగం లొంగుతాను. పొడవాటి సందేశం 8 నిమిషాల్లో సగమై, దానినుంచి పుట్టిన చిన్నది, తక్కువలో తక్కువ, 20 నిమిషాలకు సగమవుతుందనుకుందాం. నిలకడ స్థితిలో వాటి సంఖ్యలు ఆయుష్షుల నిష్పత్తిలోనే ఉంటాయి: 8 పొడవువి ఉంటే 20 చిన్నవి. వలయం జన్యువులు రెంటిలోనూ ఉన్నాయి కనుక వాటి ప్రతులు 28, కేంద్రానివి 8. మోటు లెక్కే అయినా మూడున్నర రెట్లు. పదిహేనుకు ఇది చాలదు. మిగతా నాలుగు రెట్లు ఎక్కడి నుంచి? రైబోజోమ్‌లు ఒక జన్యువు ఆరంభాన్ని ఎంత చురుగ్గా అందుకుంటాయన్న దాన్నుంచి రావాలి. 2014లో జీన్-వై లీ, జొనాథన్ వైస్‌మన్, వారి సహచరులు ఈ.కోలైలో రైబోజోమ్‌ల పనిని జీనోమ్ అంతటా కొలిచి, బహుళ ప్రొటీన్ల యంత్రాలలో ఒక్కో భాగం సరిగ్గా కావలసినంత నిష్పత్తిలోనే తయారవుతోందని, ఒకే ఒపెరాన్‌లో ఆ తేడా తెచ్చేది ఎక్కువగా అనువాద వేగమే, అంటే రైబోజోమ్‌లు సందేశాన్ని ప్రొటీన్‌గా చదివే వేగమేనని చూపారు. అంటే కోత ఒక్కటే రాజ్యమేలదు. కానీ కోత లేకుండా ఆ పదిహేను రాదని 1987 ప్రయోగం చెబుతూనే ఉంది. మీటను తక్కువ చేయడం కూడా నా ఉద్దేశం కాదు. ఆక్సిజన్ తగ్గిన సంగతి పసిగట్టి పఫ్, పక్ రాతను పెంచే ప్రొటీన్ల జంట ఉంది, ఆక్సిజన్ ఉన్నప్పుడు రాతను అణిచి ఉంచే ప్రొటీన్ ఉంది. అవి లేకుండా కోయడానికి సందేశమే ఉండదు.

దీర్ఘాయుష్షు మీదే ఇంకో చిక్కు ప్రశ్న ఉంది. హఠాత్తుగా ఆక్సిజన్ వచ్చిపడితే కణం యాంటెన్నా తయారీని వెంటనే ఆపాలి. వలయం సందేశం అరగంట బతికేదైతే ఆపేదెలా? ఇక్కడ వర్ణకం ఆదుకుంటుంది. వలయం ప్రొటీన్లు బాక్టీరియోక్లోరోఫిల్ లేకుండా పొరలో కుదురుకోవు, కుదురుకోనివి కరిగిపోతాయి. 1957 కొలతల్లో గాలి తగలగానే ఆగిపోయింది ఆ వర్ణకం తయారీయే. సందేశం చదివించుకుంటూ ఉన్నా వలయం కట్టుబడి సాగదు. తక్షణం ఆగాల్సిన పనికి వర్ణకాన్ని, నిష్పత్తి నిలపాల్సిన పనికి ఆర్‌ఎన్‌ఏ ఆయుష్షును వాడుకుంటోంది ఈ కణం.

ఈ శతాబ్దంలో కథ ఇంకా చిక్కబడింది. స్ఫీరాయిడిస్‌లో పీసీఆర్‌జెడ్ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ గురించి 2012లో గీసెన్ బృందం ప్రచురించింది. ఆక్సిజన్ తగ్గితే, కిరణజన్య జన్యువులను లేపే ప్రొటీన్ల జంటే దీన్నీ లేపుతుంది. లేచాక అది ఆ జన్యువుల సందేశాలనే కొంత అణుస్తుంది. వర్ణకం తయారీకి, యాంటెన్నాకు చెందిన సందేశాలకు జతకట్టి వాటి పనిని తగ్గిస్తుంది. కాలితో తొక్కుతూ చేత్తో బ్రేకు పట్టడమెందుకన్న ప్రశ్నకు సింగ్లెట్ ఆక్సిజనే జవాబు. ఆక్సిజన్ పూర్తిగా పోకముందే వర్ణకం కుప్పపడితే చావే. 2018లో పీసీఆర్‌ఎక్స్ బయటపడింది. దానికి సొంత మీట లేదు. పఫ్ సందేశం తోకలోంచి ఆర్‌ఎన్‌ఏజ్-ఇ కోస్తే రాలిన ముక్కే అది, మళ్లీ పఫ్ సందేశానికే తగులుకుని దాన్ని తగ్గిస్తుంది. చెత్త అనుకున్న ముక్కకూ ఉద్యోగం ఉందన్నమాట. అదే ఏడాది ఆర్‌ఎన్‌ఏజ్-ఇ జన్యువునే మార్చి చూశారు. స్ఫీరాయిడిస్ సొంత ఎంజైమ్ స్థానంలో, వేడికి చురుకు తగ్గే ఈ.కోలై ఎంజైమ్‌ను పెట్టారు. ఆ ఎంజైమ్ కణంలో వందల సందేశాలను తాకుతుంది కనుక మొత్తం పెరుగుదలే కుదేలవుతుందని అనుకోవచ్చు. కానీ శ్వాస మీద పెరిగేటప్పటికన్నా వెలుతురు మీద పెరిగేటప్పుడు దెబ్బ చాలా ఎక్కువగా తగిలింది. ఒక్క పఫ్ కోత చెడినందుకే ఇంత జరిగిందని ఈ ప్రయోగం ఒంటరిగా చెప్పలేదు. వెలుతురు మీది బతుక్కి సందేశాల కోత ఎంత అవసరమో మాత్రం చెప్పింది.

చివరగా 2021 నాటి పని మళ్లీ పఫ్‌ఎల్ దగ్గరికే తీసుకెళ్తుంది. పఫ్‌ఎల్ భాగానికి ఎదురుగా, అదే డీఎన్‌ఏ రెండో తంతువు మీంచి ఏఎస్‌పీసీఆర్‌ఎల్ అనే ఆర్‌ఎన్‌ఏ తయారవుతుందని రాయిషర్, క్లూగ్ చూపించారు. ఎదురు తంతువు నుంచి వచ్చింది కనుక అది పఫ్ సందేశంతో అక్షరానికి అక్షరం సరిపోయి జంట తీగ అవుతుంది. కొస నుంచి తినే ఎంజైములకు జంట తీగ అడ్డు. కానీ ఆర్‌ఎన్‌ఏజ్-3 అనే మరో ఎంజైమ్ పనిచేసేదే జంట తీగ మీద, అది అక్కడ నరుకుతుంది. ఏఎస్‌పీసీఆర్‌ఎల్ పెరిగితే పొడవాటి పఫ్ సందేశం త్వరగా కరుగుతుంది, కణంలో వెలుతురు పట్టే యంత్రాంగం తగ్గుతుంది.